కొంగ నడిచిన గరువు

మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త కునుకు పడితే ఇప్పటికీ నాకు ఎర్ర నీళ్ళు కనిపిస్తాయి. కొండ దిగువన, మెరక పొలం మధ్యలోంచి, చప్పుడు చేయకుండా పారుతూ ఉంటాయి. ఆ నీళ్ళలో మట్టి పోతోందని నాకు తెలుసు. ఆపాలని ఉంటుంది, కాళ్ళు కదలవు. ఇంతలో మా ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "మళ్ళీ చోడవరం వెళ్ళొచ్చారా?" అంటుంది. వెళ్ళొచ్చానని ఒప్పుకుంటాను. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ ఊరి నుంచి నాకింకా బదిలీ కాలేదు.

నేల బాగుచేసే ఉద్యోగాల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఆకాశంలోంచి తీసిన పొలాల బొమ్మలు చూపిస్తారు. చూసి ముచ్చటపడతాను, లోపల కాస్త కుళ్ళుకుంటాను కూడా. మీరు ఇదంతా ఏ యంత్రంతో చేసేవారండీ అని వాళ్ళు అడుగుతారు. కొంగతో చేశాం అంటే పెద్దాయనకి మతి చలించిందనుకుంటారని నవ్వి ఊరుకుంటాను. ఆ కొంగ సంగతి ఒక్కసారైనా సరిగ్గా చెప్పాలని ఇది రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైల్లో నేను చోడవరంలో దిగేనాటికి మా శాఖ పేరు పలకడానికి జనానికి నోరు తిరిగేది కాదు. నాకు గది అద్దెకిచ్చిన ఇంటాయన, ఏం ఉద్యోగం బాబూ అని అడిగాడు. వానకి మట్టి కొట్టుకుపోకుండా చూడటం అన్నాను. ఆయన చాలాసేపు చుట్ట కాల్చుకుని, "మట్టి ఎవులెత్తుకెల్తారు బాబూ?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి వీధివీధంతా నన్ను మట్టి కాపలా బాబు అనడం మొదలుపెట్టింది. బెల్లం కొట్ల ముందు నుంచి సైకిలు మీద వెళ్తుంటే, ఇవాళ మట్టి ఎంత దొరికింది బాబూ అని పలకరించేవాళ్ళు. నాకూ అలవాటైపోయింది.

మా ఇన్‌స్పెక్టరు గారు మాత్రం అలవాటు పడలేదు. ఆయన కాలవల కింద నల్లరేగడిలో పుట్టి పెరిగిన మనిషి. ఈ ఎర్ర నేలకీ కొండలకీ రావడాన్ని శిక్ష కింద లెక్కేసుకున్నాడు. కడుపులో మంట ఉండేది, అది మాటలోకి వచ్చేది. జేబులో ఎప్పుడూ వాము పొట్లం. నేనేమో పరధ్యానం మనిషిని. మాడుగుల వైపు కొండల మీద మబ్బు వాలితే చేతిలో పని వదిలేసి చూస్తూ ఉండిపోయేవాడిని. "ఏమయ్యా, ఏ లోకంలో ఉన్నావు?" అని ఆయన వాము నములుతూ అడిగేవాడు. ఇద్దరం కలిసి నేలను కాపాడాలని ప్రభుత్వం వారి ఆశ.

నేల ఎత్తుపల్లాలు కొలిచే దుర్భిణీ యంత్రం ఒకటి, దాన్ని లెవెలు అనేవాళ్ళం, మాకూ ఇంకో రెండు ఆఫీసులకూ కలిపి ఒక్కటే ఉండేది. అది ఎడ్లబండి మీద ఊళ్ళు తిరుగుతూ మా వంతుకి వచ్చేసరికి తరచూ వానలు కూడా వచ్చేసేవి.

ఇప్పుడు ఆ ఊరి సంగతి. చీడికాడ దాటి కొండ మొదటికి వెళ్తే వస్తుంది. పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. అక్కడ మెరక పొలాన్ని గరువు అంటారు. కొండ అంచు నుంచి కింద గెడ్డ దాకా, అంటే కొండవాగు దాకా, గరువు వాలుగా దిగుతుంది. పొద్దున్నే వెళ్తే పొగమంచులో తాటిచెట్ల తలలు మాత్రమే కనిపించేవి, నేల ఉందో లేదో తెలిసేది కాదు. మంచు విడిపోయాక చూస్తే నిజంగానే సగం లేదు. పైమట్టి పోయి గులకరాళ్ళు తేలిపోయాయి. చోడిచేను, అంటే రాగిచేను, అరచేతి ఎత్తున ఆగిపోయి ఎర్రబారేది.

అందులో ఒక గరువు ఇద్దరు అన్నదమ్ములది. తండ్రి పోయాక పంచుకున్నారు. పైన రాతినేల, కింద తేమనేల కదా, ఒకరికి పైదీ ఒకరికి కిందదీ ఇస్తే అన్యాయమని, కొండ నుంచి గెడ్డ దాకా నిలువునా రెండు పట్టీలు చీల్చారు. ఆ చుట్టుపక్కల పంపకాలన్నీ అలాగే ఉండేవి. న్యాయమైన పంపకమే. కాకపోతే పట్టీ సన్నంగా ఉంటుంది. నాగలి అడ్డంగా తిప్పితే పక్కవాడి నేలలో పడుతుంది. పక్కవాడి నేలలో నాగలి దింపడమంటే వాళ్ళింటి గడప మీద ఉమ్మేసినట్టే లెక్క. అందుకని అందరూ వాలు వెంట పైనుంచి కిందికి దున్నుకునేవాళ్ళు. దున్నిన ప్రతి చాలూ వాన వచ్చినప్పుడు ఒక చిన్న కాలవ అయ్యేది.

అన్నదమ్ముల మధ్య హద్దు ఎవరిదీ కాదు గనక ఎవరూ బాగుచేయలేదు. నీళ్ళన్నీ అక్కడికే చేరి కోసుకుపోయాయి. నేను చూసేనాటికి ఆ కోతలో గేదె దిగితే వీపు కనబడదు. అడుగున, గెడ్డ దగ్గర, తండ్రి పాతించిన హద్దు రాయి ఉండేది. దాని కాళ్ళ కింద మట్టి పోయి రాయి ఒక పక్కకి ఒరిగింది. తమ్ముడు కదిపాడని అన్న అనుకున్నాడు, అన్న కదిపాడని తమ్ముడు అనుకున్నాడు. కదిపింది వాన అని చెప్పేవాళ్ళు లేరు. ఆ రాయి మీద మాటామాటా పెరిగి, చివరికి మాటలే ఆగిపోయాయి.

తమాషా ఏమిటంటే, పంపకంలో ఇద్దరికీ చెరో ఎద్దు వచ్చింది. ఒక్క ఎద్దుతో దుక్కి సాగదు. అందుకని ఒకనాడు అన్న పట్టీలో, ఒకనాడు తమ్ముడి పట్టీలో రెండూ కలిసి దున్నాల్సిందే. తెల్లవారకముందే ఒకరు తమ ఎద్దును తెచ్చి రెండోవారి గుంజకి కట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయేవారు. సాయంత్రం అలాగే తిరిగొచ్చేది. ఎద్దులు కలిసి బతికాయి, మనుషులే విడిపోయారు.

మొదటి ఏడు మేం లెవెలు పెట్టి, రెండు పట్టీల్లోనూ వాలుకి అడ్డంగా గట్లు వేయించాం. నీరు గట్టు వెనక ఆగి, నేలలోకి ఇంకి, మట్టి అక్కడే దిగబడాలి. ఇద్దరూ తలూపారు. మేం వెళ్ళాక అన్న తన గట్టు చివర, హద్దు పక్కన, రెండు తట్టల మట్టి ఎత్తు చేసుకున్నాడు, తమ్ముడి నీరు తన మీదికి రాకూడదని. తమ్ముడూ సరిగ్గా అదే చేశాడు. ఒకరు చేసింది ఒకరికి తెలియదు. వాన వచ్చింది. రెండు వైపుల నుంచీ నీరు పోవడానికి మధ్యలో కోత తప్ప దారి లేకపోయింది. ఆ వాన తర్వాత మేం వెళ్ళి చూస్తే కోత ఇంకా వెడల్పయింది, అంచున ఉన్న చేను అందులోకి జారిపోయింది. ఇన్‌స్పెక్టరు గారు చాలాసేపు వాము కూడా వేసుకోలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ ఏడు తమ్ముడి పట్టీలో చోళ్ళు విత్తనానికి కూడా మిగల్లేదు. వచ్చే తొలకరికి ఎద్దును సంతలో అమ్మేసి, పెళ్ళాన్నీ కూతుర్నీ తీసుకుని విశాఖపట్నం హార్బరు కూలికి వెళ్ళిపోతానని అతను ఊళ్ళో చెప్పాడు. అతని ఎద్దు పోతే అన్నకీ దుక్కి లేదు. ఒక ఇల్లు పోతే రెండు పట్టీలూ బీడు పడతాయి. ఈ సంగతి మాకు చెప్పింది అన్నగారి భార్య. ఆవిడ పొడుగాటి మనిషి, నవ్వినా కోప్పడినా ఒకటే గొంతు. ఆవిడా తోడికోడలూ ఒకే బావి దగ్గర నీళ్ళు తోడుకుని ఒకే పొయ్యి నిప్పు పంచుకునేవాళ్ళు. మగవాళ్ళ మౌనంలో వాళ్ళకి వాటా లేదు.

"పంతం ఆలిద్దరిదీ బాబూ. బువ్వ అందరిదీని," అంది. "మీరేటి సేస్తారో సెయ్యండి. నేనైతే ఆ గుంటని హార్బరుకి పంపను." ఆ గుంట అంటే మరిది కూతురు. ఆవిడ చీర కొంగు పట్టుకుని తిరిగే పిల్ల.

లెవెలు కోసం ఇన్‌స్పెక్టరు గారు పైవాళ్ళని అడిగాడు. ఆ ఏడు అది పక్క ఆఫీసు నుంచి కదలదని జవాబొచ్చింది. మా ఆఫీసు ఎదురుగా ఆ రోజుల్లో క్రైస్తవుల ప్రార్థన మందిరానికి గోడ లేస్తోంది. మేస్త్రీ తాడుకి గుండు కట్టి వేలాడదీసి, గోడ నిలువు చూసుకుంటున్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వరండాలో కునుకుతూ ఉంటే, ఇన్‌స్పెక్టరు గారు లుంగీతో నేల మీద కూర్చుని వెదురు కర్రలు కట్టుకుంటూ కనిపించాడు. కల అనుకుని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. "లేవవయ్యా, ఈ కాలు పట్టుకో," అని కసిరితే లేచాను.

రెండు కర్రలు పైన కలిపి కట్టి, కాళ్ళు ఎడంగా జరిపి, మధ్యలో అడ్డకర్ర కట్టాడు. పైనుంచి తాడు, తాడుకి రాయి. రెండు కాళ్ళూ ఒకే ఎత్తు నేల మీద ఉంటే తాడు అడ్డకర్ర మీద నడిమి గీతకి తగులుతుంది. ఒక కాలు కదపకుండా రెండోది తిప్పుకుంటూ పోతే కొండవాలులో సమానమైన ఎత్తున్న గీత దొరుకుతుంది. చదువుకునేటప్పుడు ఎక్కడో చూశానని, ఇన్నాళ్ళూ మర్చిపోయానని ఆయన గొణిగాడు. కాసేపు ఆ ముఖంలో మంట లేదు. మేమిద్దరం ప్రార్థన మందిరం ముందు మట్టిలో దాన్ని నడిపిస్తుంటే మేస్త్రీ గోడ ఆపేసి చూశాడు.

మాఘమాసంలో ఆ ఊళ్ళో శిక్షణ పెట్టాం. మగవాళ్ళంతా రావికమతం వైపు బెల్లం వంటకి వెళ్ళిపోయారు. వచ్చినవాళ్ళు ఆడవాళ్ళే. ఇన్‌స్పెక్టరు గారు బిక్కమొహం వేశాడు. వాళ్ళు ఆ కర్రల్ని చూసి నవ్వీ నవ్వీ, "ఓలమ్మ, కొంగలాగుందే," అన్నారు. అంతే, పేరు స్థిరపడిపోయింది. ముందు ఎవరూ ముట్టుకోలేదు. అన్నగారి భార్య వచ్చి ఒక కాలు పట్టుకుని, తోడికోడల్ని రెండో కాలు పట్టుకోమంది. తాడు గీతకి తగలగానే "ఆగు" అనేది. అక్కడ ఇంకొకావిడ పొయ్యి బూడిద గుప్పెడు చల్లేది.

ఆ ఉదయం నా కళ్ళ ముందు ఇంకా ఉంది. ఎండ ఇంకా రాలేదు. మంచులో ఆ ఇద్దరూ నడుముల దాకా మాత్రమే కనిపిస్తున్నారు. కొంగ ఒక కాలు తీసి ఒక కాలు వేస్తూ అన్న పట్టీలో మొదలై, హద్దు దగ్గరికి వచ్చింది. అక్కడ కోత లోతు తక్కువ. కొంగ ఒక కాలు అన్న నేల మీదే ఉంచి రెండో కాలు తమ్ముడి నేల మీద పెట్టింది. తాడు కాసేపు ఊగి గీత మీద నిలిచింది. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ నడిచారు. మంచు తేలిపోయేసరికి గరువంతా బూడిద గీతలు, ఒకదాని కింద ఒకటి, రెండు పట్టీల్లోనూ తెగకుండా సాగి ఉన్నాయి. నేను చేసిన ఉద్యోగం మొత్తంలో అంత అందమైన దృశ్యం ఇంకొకటి చూడలేదు.

వేసవంతా వాళ్ళు ఆ గీతల మీద రాళ్ళు పేర్చి గడ్డి నాటారు. కోతకి అడ్డంగా కూడా అక్కడక్కడా రాతికట్టలు కట్టారు. కింద హద్దు రాయి ఉన్న చోట పెద్దది కట్టారు. బెల్లం వంట నుంచి తిరిగొచ్చిన అన్నదమ్ములు చూశారు గానీ ఔననలేదు, కాదనలేదు. కానీ దున్నడం మాత్రం మగవాళ్ళ పని. ఆ గీతల వెంట అడ్డంగా దున్నితేనే ఇదంతా నిలబడుతుంది. పాత పద్ధతిలో వాలు వెంట దున్నితే ఒక్క వానకి రాళ్ళూ గడ్డీ గెడ్డలో ఉంటాయి. అడ్డంగా దున్నాలంటే ఒకరి నేలలో ఒకరు నాగలి దింపాలి. ఆ మాట వాళ్ళకి చెప్పడానికి నేనూ వెళ్ళాను, ఇన్‌స్పెక్టరు గారూ వెళ్ళాడు. ఇద్దరమూ మర్యాదగా మజ్జిగ తాగి వచ్చేశాం.

తొలకరి పడింది. సంత రోజు వచ్చింది. తమ్ముడు ఎద్దును అమ్మేది ఆ రోజేనని కబురొస్తే ఇద్దరం వెళ్ళాం. వాన వెలిసి నేలలోంచి ఆవిరి లేస్తోంది. ముందురోజు దుక్కి వంతు అన్న పట్టీది, వానకి దుక్కి సాగక తమ్ముడి ఎద్దు రాత్రికి అన్న గుంజకే ఉండిపోయింది. తమ్ముడు దాన్ని విప్పుకుపోదామని వచ్చేసరికి గుంజ ఖాళీ. అన్న అప్పటికే రెండు ఎద్దుల్నీ నాగలికి కట్టి గరువు మీద నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ నిలబడే పైచివర కాదు. బూడిద గీత మీద పేర్చిన రాళ్ళ వరస మొదట్లో, వాలుకి అడ్డంగా నిలబడ్డాడు.

ముందురోజు పెళ్ళాం ఏమందో తర్వాత ఆవిడే నాకు చెప్పింది. బువ్వ వడ్డిస్తూ ఒక్క మాట అన్నానంది. "మీ తమ్ముడెల్లిపోతే ఆ గట్టు మీద ఎవులితో పంతం పడతావు?" అందట. ఆయన బువ్వ మధ్యలో లేచి వెళ్ళిపోయాడట.

నాగలి కదిలింది. చాలు అడ్డంగా తెగుతూ హద్దు వైపు వస్తోంది. తమ్ముడు హద్దుకి అవతల, తన నేల మీద నిలబడ్డాడు. ఊరి మగవాళ్ళు కొందరు కర్రలు పట్టుకుని దూరంగా చేరారు, తన్నులాట ఖాయమనుకుని. అన్న తలెత్తలేదు. కోత దగ్గరికి వచ్చేసరికి ఎద్దులే ఆగిపోయాయి. మెడమీద కాడి ఉండగా ఆ హద్దు దాటడం వాటికి పుట్టి ఎరగని పని. అన్న అదిలించాడు. అవి కదల్లేదు. తమ్ముడి ఎద్దు తల విదిలించి వెనక్కి లాగుతోంది.

తమ్ముడు చూస్తూ నిలబడ్డాడు. అతను కోతలోకి దిగి తన ఎద్దు ముకుతాడు పట్టుకున్నాడు. విప్పుకుపోతాడనే అనుకున్నాను.

"దానికి ఎడమ కన్ను మసకరా," అన్నాడు అన్న, నేల చూస్తూనే. "ఆ పక్క నడు."

"నాకు తెల్దేటి," అన్నాడు తమ్ముడు.

ఏళ్ళ తర్వాత వాళ్ళిద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు అవే. తమ్ముడు ఎద్దుకి ఎడమ పక్కకి వచ్చి, దాని మెడ నిమిరి, ముందు తను ఎక్కి, దాన్ని మెల్లగా అవతలకి ఎక్కించాడు. వెనక నాగలి అతని నేలలోకి దిగింది. చాలు తెగకుండా అవతలి చివరిదాకా పోయింది. తిరిగి వచ్చేటప్పుడు నాగలి మేడి తమ్ముడి చేతిలో ఉంది, ముకుతాడు అన్న చేతిలో ఉంది. సంత వేళ దాటిపోయింది. నేను ఏడ్చాను. ఇన్‌స్పెక్టరు గారు నన్ను ఏ లోకంలో ఉన్నావని అడగలేదు. ఆడవాళ్ళు ఇచ్చిన చోడి అంబలి వద్దనకుండా రెండు ముంతలు తాగాడు. కడుపు మంటకి వాము కన్నా అదే మేలని తర్వాత అందరికీ చెప్పుకు తిరిగాడు.

పెద్ద వాన వచ్చిన రోజు నేను ఆ గరువు మీద కాపలా పాకలో చిక్కుపడ్డాను. కొండ కనిపించలేదు. ఎర్ర నీరు ఎప్పటిలాగే దిగి వచ్చింది, మొదటి గట్టు దగ్గర నిలబడింది. నిండాక నెమ్మదిగా పొర్లి రెండో దాని దగ్గర నిలబడింది. అలా మెట్టుమెట్టునా నిలబడుతూ, కిందకి చేరేసరికి నీటిలో ఎరుపు పలచబడింది. వాన వెలిశాక గరువంతా సన్నటి నీటి చారలు, వాటిలో మబ్బులు. మట్టి ఆగింది. నేను ఆ పాకలో తడిసి వణుకుతూ ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఆ తర్వాత కొంగలు ఊరూరా నడిచాయి. అన్నగారి భార్య పుట్టింటికి వెళ్తూ ఒకటి భుజాన వేసుకుపోయింది, అక్కడి ఆడవాళ్ళకి నేర్పింది. మేం పెట్టిన శిక్షణల కన్నా చుట్టపుచూపులకి వెళ్ళిన కోడళ్ళే ఎక్కువమందికి నేర్పారు. ఈ పరికరం ఏ కంపెనీది అని పైఆఫీసు వాళ్ళు అడిగారు. ఇన్‌స్పెక్టరు గారు పగలబడి నవ్వడం నేను చూసింది అప్పుడే.

కొన్ని వానాకాలాలు గడిచాక నాకు బదిలీ అయింది. చెప్పి వెళదామని ఆ ఊరికి వెళ్ళాను. తమ్ముడు హార్బరు మాట మళ్ళీ ఎత్తలేదు. చోళ్ళు కోతకి వచ్చాయి. కలిపి దున్నినా, కోత వేళకి మాత్రం కింద హద్దు రాయిని ఆనవాలు పట్టుకుని ఎవరి చేను వాళ్ళు కోసుకునేవాళ్ళు. ఈసారి రాయి కనబడటం లేదు, వెళ్ళిపోయే ముందు ఆ హద్దు కాస్త చూపించి పొండి బాబూ అని తమ్ముడు అడిగాడు.

అన్నదమ్ములిద్దరూ నేనూ కిందికి దిగాం. రాతికట్ట వెనక కోత పూడిపోయింది. ఒకప్పుడు గేదె మునిగిన చోట మెత్తటి ఎర్రమట్టి సమానంగా పరుచుకుని ఉంది. గరువు మొత్తంలో చోడి ఏపుగా ఎదిగింది అక్కడే, వెన్నులు బరువుకి వంగిపోయాయి. తమ్ముడు గునపంతో అక్కడక్కడా పొడిచి చూశాడు. ఒక చోట లోపలెక్కడో ఖంగుమంది.

"ఉందిరో అన్నియ్యా," అన్నాడు. "తవ్వీమంటావా?"

అన్న వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు. ఆ మట్టిలో ఎవరి పట్టీది ఎంతో చెప్పడం ఇక దేవుడి తరం కూడా కాదు.

"ఇన్నాల్టికి నిలబడింది మట్టి," అన్నాడు. "ఉండనీరా."

తమ్ముడు గునపం భుజాన వేసుకున్నాడు. ఆ ఏడు చేను ఇద్దరూ కలిసి కోశారు.